వెర్షన్ మార్చడమేగా!

‘వెర్షన్ మార్చడమేగా, రెండు వారాలు చాలదా?’ గచ్చిబౌలిలో ఓ టీ బండి దగ్గర, మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న మేనేజరు ఫోన్లో అన్న మాట ఇది. పక్కనే నిలబడ్డ ఈ కాలమిస్టుకు చాయ్ చేదెక్కింది.

పనిచేస్తున్నదాన్ని కెలకొద్దన్నది ఈ కాలమ్ పాత పాటేనని పాఠకులకు తెలుసు. ఆ పాటకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కన్నా మంచి తాళం దొరకదు. 2008 డిసెంబరులో పైథాన్ 3.0 వచ్చింది. పాత కోడ్ ఇందులో ఉన్నదున్నట్టు నడవదని చెప్పి మరీ తెచ్చారు. పైథాన్ 2కి 2015లో సెలవు చెప్పాలనుకున్నారు. కంపెనీలు కదలకపోయేసరికి గడువు 2020కి జరిగింది. జేపీ మోర్గాన్ బ్యాంకు ‘ఎథీనా’ వ్యవస్థలోని మూడున్నర కోట్ల లైన్లకు అదీ చాలలేదు. పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ అప్పట్లో స్వయంగా ఉద్యోగం చేస్తున్న డ్రాప్‌బాక్స్‌లోనూ 2015లో మొదలైన మార్పు 2018 దాకా సాగింది.

ఈ మార్పులో ‘ప్రింట్’ ఆదేశానికి బ్రాకెట్లు తగిలించడం లాంటివి యంత్రమే చేసిపెడుతుంది. కానీ మూడుని రెండుతో భాగిస్తే పాతదాంట్లో 1, కొత్తదాంట్లో 1.5. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, లెక్క మాత్రం మారిపోతుంది. అలాంటి చోట్లన్నీ మనిషే వెతకాలి. వాడుకునే లైబ్రరీల్లో ఒక్కటి వెనకబడ్డా టీమంతా ఆగాలి. ఇంత చేశాక కస్టమరుకు చూపించడానికి కొత్తగా ఒక్క బటనైనా ఉండదు. అప్రైజల్లో ఏం రాసుకుంటారు?

అన్నిటికన్నా ఖరీదైంది అక్షరాల గొడవ. ఈ కాలమిస్టు ఒకప్పుడు పైథాన్ 2లో పేర్ల జాబితా సర్దే పని పెట్టుకున్నాడు. ఇంగ్లీషు పేర్లతో చేసిన పరీక్షలన్నీ పాసయ్యాయి. మొదటి తెలుగు పేరు తగలగానే ‘యూనికోడ్ డీకోడ్ ఎర్రర్’ అంటూ కూలబడింది. పాత పైథాన్‌కు మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరుస. ‘తెలుగు’ పొడవెంతని అడిగితే, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో గుర్తుకు మూడు బైట్ల చొప్పున, 18 అనేది. బైట్లనూ అక్షరాలనూ కలిపేసినా ఇంగ్లీషు ఉన్నంతసేపూ కిమ్మనేది కాదు. పైథాన్ 3 ఆ రెంటినీ విడదీసి, కలిపితే మొదటి రోజే మొండికేసింది. మార్పుకు కంపెనీలు పెట్టిన డబ్బులో చాలానే ఈ విడదీతకు పోయింది.

అంటే ఇన్నాళ్లూ ఈ కాలమ్ తిట్టిపోసిన ఖర్చులో కొంత, తెలుగు పేరున్న మనిషి సిస్టంలో సరిగ్గా కనబడటానికి పెట్టిందే. పైగా ఇన్‌స్టాగ్రామ్ వేరే కోడ్ శాఖ పెట్టకుండా, రోజువారీ పని ఆపకుండా, సుమారు పది నెలల్లో 2017కల్లా మారిపోయింది. కాబట్టి కెలకొచ్చు, ఆ మేనేజరు రెండు వారాల్లో మాత్రం కాదు.

పైథాన్ 3ని అడిగితే ‘తెలుగు’ పొడవు 6 గుర్తులు. కంటికి కనబడే అక్షరాలు మూడు. ఆ మూడు కావాలంటే ఇప్పటికీ వేరే లైబ్రరీ తెచ్చుకోవాలి. ఆ లెక్క కూడా సరిచేస్తామంటే ఇంకోసారి కోడంతా తిరగరాయడానికి ఈ కాలమిస్టుకు అభ్యంతరం లేదు.