పెట్టె తర్వాత, పానా ముందు

కొత్త కాపురానికి మిక్సీ, కుక్కరు ఇచ్చేవాళ్లున్నారు గానీ స్క్రూడ్రైవరు ఇచ్చేవాళ్లు కనబడరు. అద్దింట్లో దిగిన కొన్నాళ్లకే కుళాయి కారుతుంది, గొళ్లెం ఊడుతుంది. ఫోన్లో వెతికితే వంద ముక్కల టూల్ కిట్ చవగ్గా దొరుకుతుంది. దయచేసి దాన్ని కొనకండి. అందులో చాలావాటికి మన ఇళ్లలో పనే ఉండదు. పనికొచ్చేవేమో తరచూ మెత్తటి ఇనుముతో చేసినవి.

మెత్తటి ఇనుము చేసే చేటు స్టార్ స్క్రూడ్రైవరు దగ్గర తెలుస్తుంది. ప్లస్ గాడి గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి, బలంగా తిప్పేకొద్దీ మొన పైకి జారాలని చూస్తుంది. గట్టి మొన గాడిలో సరిగ్గా కూర్చుని, మనం వెనకనుంచి అరచేత్తో నొక్కి తిప్పితే ఆగుతుంది. మొన అరిగిందా, గాడినీ అరగదీస్తుంది. ఇక ఆ స్క్రూ తీయడానికి మనిషిని పిలవాల్సిందే.

నా లెక్కొకటే. బలం పడేవాటికీ, కరెంటు దగ్గరికి వెళ్లేవాటికీ డబ్బు పెట్టాలి. ఎనిమిదంగుళాల కటింగ్ ప్లయరు, అదే కొలత స్క్రూ పానా, ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్ ఉండే స్క్రూడ్రైవరు, టెస్టరు: ఈ నాలుగూ పేరున్నవి తీసుకోండి. టపారియా లాంటివి సికింద్రాబాద్ రాణీగంజ్ దాకా వెళ్లకపోయినా ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. సుత్తి, కొలత టేపు మామూలువైనా చాలు. సుత్తి తల పిడిలో కదులుతోందేమో మాత్రం ఊపి చూడండి. అన్నీ కలిపి పదిహేను వందల్లో తేలిపోతుంది.

టెస్టరును ఫుట్‌పాత్ మీద కొనొద్దు. అందులో నియాన్ బల్బుతోపాటు ఒక రెసిస్టరు ఉంటుంది. 230 వోల్టుల కరెంటు మన వేలిదాకా ప్రమాదకరంగా రాకుండా ఆపేది అదే. వాడేముందు పనిచేస్తున్న ప్లగ్గులో పెట్టి చూడండి. బల్బు వెలగలేదని తీగ పట్టుకోవద్దు, మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టండి.

కుళాయి వాషరు మార్చడం నాకిష్టమైన పని. గేట్ వాల్వు కట్టి, పానాతో నట్టు విప్పి, కొన్ని రూపాయల రబ్బరు బిళ్ల వేస్తే రాత్రంతా బొట్టుబొట్టుగా పోయే నీళ్లు ఆగుతాయి. పానాను కదిలే దవడ ఉన్న వైపుకే తిప్పాలి, అప్పుడు బలం కదలని దవడ మీద పడుతుంది. కుళాయినే మారిస్తే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. మరల కొసను మనవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులో చుట్టండి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

డ్రిల్లింగ్ మెషీన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఏడాదికి నాలుగు రంధ్రాలకు అద్దెది చాలు. టూల్‌బాక్సు బదులు పాత బిస్కెట్ డబ్బా సరిపోతుంది. ఒకేసారి కొనలేకపోతే నెలకొకటి కొనండి. మొదట స్క్రూడ్రైవరు, తర్వాత ప్లయరు.