ఒక్క ఫోనాన్: ఒక ప్రయోగముయొక్క గుణదోష పరిశీలనము

ఒక శాస్త్ర ప్రయోగమును కొనియాడుట సులభము. అది నిరూపించినదేదో, నిరూపింపనిదేదో విడదీసి చెప్పుట కష్టము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంటా బార్బరా శాఖయందు ఓకానెల్, మార్టినిస్, క్లీలండ్ ప్రభృతులు చేసి 2010లో ప్రకటించిన ప్రయోగమునకు ఇట్టి వివేచనము ఆవశ్యకము. 'సైన్స్' పత్రిక దానిని ఆ సంవత్సరపు మేటి శాస్త్రవిజయముగా ఎన్నుకొనినది.

వారు గైకొనినది మైక్రోమీటరునకు లోపు మందముగల పలక. అందు రెండు అల్యూమినియం పొరల నడుమ అల్యూమినియం నైట్రైడ్ పొర కలదు. దీనిని నొక్కినచో విద్యుత్తు పుట్టును. విద్యుత్తు సోకినచో ఇది అదరును. ఈ గుణము నాధారముగా గొని, పలకను ఒక అతివాహక వలయముతో జోడించిరి. అతివాహకమనగా మిక్కిలి శైత్యమున విద్యుత్తునకు నిరోధము చూపని పదార్థము. అట్టి వలయమును రెండే శక్తిస్థితులతో పనిచేయించినపుడు దానిని క్యూబిట్ అందురు.

వీణ తీగను ఎంత మెల్లగానైనను మీటవచ్చునని మన తలంపు. క్వాంటమ్ సిద్ధాంతము దాని నంగీకరింపదు. కంపనశక్తికి విడదీయరాని కనీసపు పాలు కలదు. దాని పేరు ఫోనాన్. క్యూబిట్ ద్వారా పలకకు ఒక్క ఫోనాన్ నొసగి, మరల దానిని గ్రహించుటయే వారి ఘనత.

ఇందలి నేర్పంతయు శ్రుతి నిర్ణయమున నున్నది. పలక సెకనుకు సుమారు 600 కోట్ల మారులు కంపించును. శ్రుతి హెచ్చినకొలది ఫోనాన్ శక్తి పెరుగును. కొద్దిపాటి వేడిమి దానిని పుట్టింపజాలదు. కావున 0.025 కెల్విన్‌కు చల్లార్చినంతనే పలక కనిష్ఠ శక్తిస్థితికి చేరెను. సెకనుకు 10 లక్షల మారులు కంపించు వస్తువైనచో, ఉష్ణోగ్రతను ఇంకను వేలరెట్లు తగ్గింపవలసియుండెడిది.

ఇక దోషము. ఆ ఫోనాన్ నిలిచినది సుమారు 6 నానోసెకనులు. అనగా 40 కంపనములకు లోపే. ఈ లోపము ప్రయోగముది. రెండవది ప్రచారముది: "ఒక వస్తువు ఒకేమారు రెండుచోట్ల నుండెను" అను మాట వ్యాపించినది. పలక చోటు మారలేదు. దాని మందము మాత్రమే అత్యల్పముగా హెచ్చి తగ్గెను. సిద్ధించినది, ఫోనాన్ ఉన్న స్థితి, లేని స్థితి అను రెండింటి సంయోగము. పరస్పర వ్యతిరేకములగు రెండు కంపనదశల సంయోగమును 16 మైక్రోగ్రాముల స్ఫటికమున చూపినవారు జూరిచ్‌లోని ఇ.టి.హెచ్. పరిశోధకులు, అది 2023 నాటి మాట.

పరరాష్ట్రములందు తెలుగున శాస్త్రము చదువు బాలురకు పుస్తకములు కొలదిగా లభించును. వారికి చేరు ఆ కొలది వాక్యములలో అతిశయోక్తి చొరబడినచో, దానిని దిద్దు రెండవ పుస్తకము వారికి దొరకదు. ఉన్నదున్నట్లు చెప్పినను ఈ ప్రయోగము అబ్బురమే, దానికి అలంకారమక్కరలేదు.