బ్యాటరీకి బోరు నీళ్లు

స్తంభం దాకా వైరు లాక్కోలేని తోట ఇళ్లకు సోలారే దిక్కు. ప్యానెళ్లు ఇరవై ఏళ్లు పైనే వస్తాయి, బ్యాటరీ మాత్రం మధ్యలోనే చేతులెత్తేస్తుంది. మా కడత్తూరు వైపు ఎవరింట్లో బ్యాటరీ పోయినా "ఏ కంపెనీది కొనమంటావన్నా?" అని అడుగుతారు. "పాతది ఎట్లా పోయింది?" అని నేను ఎదురడుగుతాను. అది తేల్చుకోకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

ఆరు మూతలూ తీసి టార్చి వేసి చూడండి. నీళ్లు దిగిపోయి ప్లేట్లు బయటపడి ఉంటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఫుల్ ఛార్జ్ అయ్యాక హైడ్రోమీటర్ పెడితే ట్యూబులర్ బ్యాటరీలో ప్రతి సెల్లూ 1240 అటూ ఇటూగా చూపాలి. ఐదు బాగానే చూపి ఒకటి 1150 దగ్గరే ఆగిందంటే చెడింది ఆ ఒక్కటే. కానీ మిగతా ఐదింటినీ అదే ముంచుతుంది.

ఇక నీళ్లు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగలేక హొగేనకల్ నుంచి కావేరి నీళ్లు తెప్పించుకున్న జిల్లా మాది. 2013లో ఆ పథకం మొదలైంది. మనం తాగని ఆ బోరు నీళ్లనే బ్యాటరీకి పోసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను! అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. కావేరి నీళ్లూ వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయాలి.

కొనే ముందు రాత్రి వాడకం లెక్క వేసుకోండి. 30 వాట్ల ఫ్యాను పది గంటలు, 9 వాట్ల బల్బులు నాలుగు ఐదు గంటలు వాడితే 480 వాట్-అవర్లు. ఇన్వర్టరు తినేది కలుపుకుంటే 600 దాకా అనుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1800, లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి కాబట్టి చేతికొచ్చేది 900. ఈ ఇంటికి అది చాలు. లేబుల్ మీద సీ10 (పది గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే కెపాసిటీ) అని ఉందా, సీ20 (ఇరవై గంటల్లో) అని ఉందా చూడండి. సోలార్‌కు సీ10దే తీసుకోవాలి.

లిథియం మంచిదే, లోతుగా వాడినా ఓర్చుకుంటుంది. కానీ పాత ఛార్జరులో దానికి తగ్గ సెట్టింగు లేకపోతే డబ్బు దండగ. రెండు బ్యాటరీల జత ఉంటే రెండూ ఒకేసారి మార్చండి, పాతదాని పక్కన కొత్తది పెట్టొద్దు. రేకుల షెడ్డులోనూ పెట్టొద్దు: 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగమవుతుంది.

పాతదాన్ని యాసిడ్ మడిలో పారబోసి సీసం తూకానికి కొనుక్కెళ్లేవాడికి ఇవ్వకండి. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి, దానికి తగ్గించిన మొత్తం బిల్లులో రాయించుకోండి.