తీగ తగిలించే ముందు

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ‘డేటావన్’ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాక, బెజవాడ పటమటలోనూ, కంకిపాడు, ఉయ్యూరు వైపూ తెలిసినవాళ్లు మోడెం బిగించిపెట్టమని నన్ను పిలిచేవారు. 56 కేబీపీఎస్ డయలప్‌తో విసిగిపోయినవాళ్లకు 256 అంటే పండగే. ఎప్పుడు లైను కలుపుతానా అని ఆత్రపడేవారు. నేను మాత్రం ముందు రక్షణ, ఆ తర్వాతే తీగ అనేవాణ్ని. ఇప్పటికీ నా మాట అదే.

డయలప్ రోజుల్లో బిల్లు భయంతో పని కాగానే లైను తెంచేసేవాళ్లం. బ్రాడ్‌బ్యాండ్ అలా కాదు, మనం వాడకపోయినా లైను కలిసే ఉంటుంది. 2003లో బ్లాస్టర్, 2004లో సాసర్ అనే వైరస్‌లు, ఎవరూ ఏ మెయిలూ తెరవకుండానే, నెట్‌కి కలిసి ఉన్న విండోస్ కంప్యూటర్లలోకి చొరబడ్డాయి. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో ఫైర్‌వాల్ ముందే ఆన్‌లో ఉండేది. అందుకే దాని సీడీ వెంట తీసుకెళ్లి, ముందు అది ఎక్కించేవాణ్ని.

తర్వాత ఫోను లైనుకు స్ప్లిటర్ పెట్టి, ఒక తీగ ఫోనుకీ, ఒకటి కొత్త మోడెంకీ ఇచ్చేవాణ్ని. పాత డయలప్ మోడెంకున్న తీగ పీకేసేవాణ్ని. అది ఉంటే ఏ దొంగ ప్రోగ్రామో మనకు తెలియకుండా ఐఎస్‌డీ నంబర్లు తిప్పి బిల్లు పేల్చేస్తుంది. ఆఖరున బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, మోడెం అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. ఈ ఒక్క పనీ ఇంటివాళ్లతోనే చేయించేవాణ్ని. “బాబాయ్ గారూ, మీరే కొట్టండి, నేను అటు తిరుగుతాను” అంటే, ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టేవారు. ఎంతసేపైనా ఆగేవాణ్ని.

వేసవి ఆఖర్లో ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు ఫోను తీగ కూడా పీకమని చెప్పేవాణ్ని. పిడుగుపాటు దెబ్బ ఆ రాగితీగ వెంట కూడా వస్తుంది.

పాస్‌వర్డ్ విషయంలో ఎందుకంత పట్టుదల అని అడిగినవాళ్లకు 2017 జులై జవాబు చెప్పింది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని బీఎస్ఎన్ఎల్ మోడెంలను ఒక మాల్వేర్ పాడుచేసింది. అదే ఏడాది డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ ఊళ్లలోకి వచ్చింది, నెలకు 149 రూపాయల నుంచే.

ఇప్పుడు బిగించడానికి వచ్చే కుర్రాడికి సాయంత్రంలోగా ఇంకా నాలుగిళ్లు ఉంటాయి. లైటు వెలగగానే వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఆ పెట్టెతో కాపురం చేసేది మనం. అతను గడప దాటకముందే కూర్చోబెట్టి, వైఫైదీ, రౌటర్ అడ్మిన్‌దీ రెండు పాస్‌వర్డ్‌లూ మీ చేత్తో మార్చుకోండి.