ఆది జాకెట్టు

"ఇందులో ఇంక విప్పడానికి కుట్టు లేదమ్మా," అన్నారు మా టైలర్ మాస్టారు, జాకెట్టు తిరగేసి నా ముందు పరుస్తూ. 2023 శ్రావణమాసం. విశాఖ పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆయన కొట్టు. ఆ నెలలో ఆయన తలెత్తి మనవైపు చూడాలంటే అరగంట నిలబడాలి. నిలబడి నిలబడి విన్న మాట అది.

జాకెట్లు కుట్టేవాళ్ళు పక్కల్లో ఒక్క కుట్టుతో సరిపెట్టరు. లోపల అంగుళమో అంగుళంన్నరో గుడ్డ వదిలి, పక్కపక్కనే రెండు మూడు వరసలు వేస్తారు. మనిషి ఒళ్ళు చేసినకొద్దీ లోపలి వరస ఒక్కోటీ విప్పుకుంటూ పోవచ్చు. విప్పినచోట గుడ్డ అసలు రంగు బయటపడుతుంది. ఎండా చెమటా తగలని ఆకుపచ్చ, మిగతా జాకెట్టుకంటే ముదురుగా, మధ్యలో సూది కన్నాల వరస. మాస్టారు చూపించిన జాకెట్టుకి అటూ ఇటూ అలాంటి చారలు రెండేసి ఉన్నాయి. అంచు దాకా వచ్చేశాం.

"ఇంకో ఆది జాకెట్టు తెచ్చుకోండి," అన్నారాయన. మగవాళ్ళకు తెలియకపోతే చెబుతాను. ఆది జాకెట్టంటే మనకు సరిగ్గా అమిరిందని ఒప్పుకున్న ఒక పాత జాకెట్టు. కొత్తవన్నీ దాన్ని పక్కన పెట్టుకుని కత్తిరిస్తారు. నా ఆది జాకెట్టుకి అప్పటికి తొమ్మిదేళ్ళు. అది తప్ప ఇంకోటి నా దగ్గర లేదు. అది ఎక్కదు.

ఏడాది వెనక్కి వెళితే ఆ జాకెట్టే నాకు వేలాడేది. 2022లో అమ్మ పోయింది. మొదట్లో ఏడ్చాను, అది మామూలే. మూడో నెలకి ఏడుపు ఆగిపోయింది, దాంతోపాటు అన్నీ ఆగిపోయాయి. అన్నం ముందు కూర్చుంటే మెతుకు గడ్డిలా ఉండేది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లవారేదాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడమే. 58 కిలోల మనిషిని 54కి వచ్చాను. ఆ రోజుల్లో ఒక పెళ్ళికి వెళితే నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరి, "ఏం చేస్తున్నావో మాకూ చెప్పవే, ఎంత నాజూగ్గా అయ్యావో!" అన్నారు. నా జీవితంలో నా ఒంటికి అన్ని మెప్పులు ఎప్పుడూ రాలేదు. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే నేను దక్కేదాన్నే కాదని వాళ్ళకేం తెలుసు?

డాక్టరు డిప్రెషన్‌కని రెండు మాత్రలు రాశారు. పొద్దున ఎసిటలోప్రామ్, రాత్రి మిర్టజాపిన్. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నాకు ఆవకాయ అన్నం తినాలనిపించింది. అనిపించడం! నెలల తరవాత నా నోరు ఒకటి కావాలని అడిగింది. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని జాడీ దించారు. అందుకే మిర్టజాపిన్‌ని ఈనాటికీ తిట్టలేను. నాకు తిరిగొచ్చిన మొదటి ప్రాణం ఆకలి రూపంలోనే వచ్చింది.

ఈ మందుల పుట్టుకే అలాంటిదట. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ళు లేచి తిరగడం, నవ్వడం, ఇంకా వడ్డించమని అడగడం మొదలుపెట్టారు, ఒళ్ళు చేశారు. క్షయకని ఇచ్చిన మందు మనసు మీద పనిచేస్తోందని అలా బయటపడింది. బరువు పెరగడం అప్పుడు శుభవార్త.

నా విషయంలో శుభవార్త ఎక్కడో హద్దు దాటింది. మిర్టజాపిన్ వేసుకున్న గంటకు, రాత్రి పదిన్నర ప్రాంతంలో, కడుపులో కాదు, ఎక్కడో తలలో ఒక గంట మోగేది. ఆకలి అనడానికి లేదు, అప్పుడే భోంచేసి ఉండేదాన్ని. చీకట్లో ఫ్రిజ్ తలుపు తీసి, ఆ దీపం వెలుగులో నిలబడి, మాడుగుల హల్వా డబ్బాలో చెంచా పెట్టేదాన్ని. ఒక్క చెంచా అనుకునేదాన్ని. డబ్బా అడుగు గీకిన చప్పుడుకి మా అబ్బాయి లేచొచ్చి, "అమ్మా, నువ్వేనా?" అనడిగాడొకసారి. పిల్లి అనుకున్నాట్ట. హల్వా అయిపోతే అనకాపల్లి బెల్లం, అదీ లేకపోతే పంచదార చల్లుకున్న బ్రెడ్డు. పొద్దున్నే సిగ్గు.

ఆ సిగ్గు తప్పుచోట పడిందని తెలియడానికి చాలాకాలం పట్టింది. మన మెదడులో హిస్టమిన్ అనే రసాయనం ఉంది. మనల్ని మెలకువగా ఉంచేదీ, తింటున్నప్పుడు "ఇంక చాల్లే" అనిపించడంలో చెయ్యి ఉన్నదీ అదే. మిర్టజాపిన్ దాని తలుపులు మూసేస్తుంది. అందువల్లే నిద్ర, అందువల్లే ఆకలి. జలుబు మాత్ర వేసుకుంటే కళ్ళు మూతలు పడతాయి చూడండి, అదే తంతు. పాతకాలపు అమిట్రిప్టిలిన్‌ది కూడా ఇదే దారి. అలాగని అన్ని మాత్రలూ ఒక తీరు కాదు. ఫ్లూయాక్సెటిన్‌తో మొదట్లో కొందరు కాస్త తగ్గుతారు. పరాక్సెటిన్‌తో పెరిగేవాళ్ళు ఎక్కువ. బుప్రోపియాన్ సాధారణంగా బరువు జోలికి పోదు.

నాలాంటివాళ్ళ లెక్కలూ పెద్దవాళ్ళు తీశారు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం బ్రిటన్‌లో దాదాపు మూడు లక్షలమంది రికార్డులు చూసింది. ఈ మాత్రలు వాడేవాళ్ళు బరువు పెరిగే అవకాశం వాడనివాళ్ళకంటే 21 శాతం ఎక్కువని, ఆ ముప్పు కనీసం ఆరేళ్ళపాటు ఉంటుందని, మిర్టజాపిన్‌తో అది అన్నిటికంటే ఎక్కువని తేల్చింది. 2024లో అమెరికాలో ఎనిమిది మందులను పోల్చి చూస్తే, మొదటి ఆరు నెలల్లో సెర్ట్రలిన్‌కీ మిగతావాటికీ తేడా సగటున అరకిలో లోపే. అరకిలో! నేను 54 నుంచి 69కి వచ్చినదాన్ని. మళ్ళీ చూస్తే ఆ ఎనిమిదింటిలో నా రాత్రి మాత్ర లేనేలేదు.

నిజాయితీగా చెప్పాలంటే పదిహేను కిలోలూ మందు పద్దులో రాయలేను. అందులో నాలుగు నేను పోగొట్టుకున్నవే, తిరిగొచ్చాయి. నాకప్పుడు 47 ఏళ్ళు, నెలసరి గతి తప్పుతున్న వయసు. ఏడాదిపాటు మంచం దిగని కాళ్ళు మరోవైపు. ఎవరి వాటా ఎంతో ఏ త్రాసూ చెప్పదు.

మనవాళ్ళు మాత్రం ఇట్టే చెప్పేస్తారు. శ్రీకాకుళంలో మా పెద్దమ్మ, "ఏటే, ఇంత లావైపోనావు? తిని పడుకుంతన్నావేటి?" అంది. ఆవిడది మోటు ప్రేమ, పట్టించుకోలేదు. "సుఖపడ్డ ఒళ్ళు" అన్నవాళ్ళ మీదే ఒళ్ళు మండింది. షుగరు మాత్ర పళ్ళెం పక్కన పెట్టుకుని అందరి ఎదుటా మింగుతాం. ఈ మాత్రనైతే నేను విటమిన్ డబ్బాలో దాచాను. కారణం చెప్పుకోలేని లావు కనుక నెపం తిండి మీదకే పోతుంది. మంతెన గారి ఉప్పులేని వంట, వీరమాచనేని గారి కొబ్బరినూనె, ఖాదర్ వలి గారి సిరిధాన్యాలు, ఈ మూడు ఆహార పద్ధతులూ నాకు మూడు వైపుల నుంచి సలహాలుగా వచ్చాయి. ఏ ఒక్కటీ నెల రోజులు నిలబెట్టలేదు కాబట్టి వాటి మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

మందులు రాసిన డాక్టరుకి బరువు సంగతి చెప్పాను. కాగితంలోంచి తల ఎత్తకుండానే, "కాస్త తిండి తగ్గించండమ్మా, నడవండి," అన్నారు. బయట ఇంకా ముప్పైమంది ఉన్నారు, అదీ నిజమే. కానీ రాత్రి పదిన్నరకి ఏమవుతోందని ఒక్క ప్రశ్న వేసి ఉంటే బాగుండేది.

ఆ శ్రావణంలో, మాస్టారు కుట్టు లేదన్న రోజు రాత్రే, రెండు మాత్రలూ ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులు బ్రహ్మాండం. నాలుగో రోజు తల పక్కకి తిప్పితే లోపల సన్నటి కరెంటు షాకు కొట్టినట్టయింది. మెట్లు దిగుతుంటే మెట్టు కదిలినట్టు, కడుపులో వికారం, నిద్ర సున్నా. పదకొండో రోజున గ్యాస్ మీద పాలు పొంగి స్టవ్వంతా కారుతుంటే చూస్తూ నిలబడ్డాను, ఆపాలని తోచలేదు. మా ఆయన వచ్చి ఆపి, పాలవైపు కాదు, నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు, అమ్మ పోయిన ఏడాది చూసిన చూపే. పదకొండు రోజుల్లో తగ్గింది కిలోంబావు.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు థైరాయిడ్, మూడు నెలల షుగరు పరీక్షలు చేయించారు. తరవాత నేనెదురుచూసిన ప్రశ్న వేశారు: "రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారు? ఎన్నింటికి పడుకుంటున్నారు?" తొమ్మిదిన్నరకి వేసుకుని సీరియల్ చూస్తూ పదకొండు దాకా కూర్చునేదాన్ని. మెలకువగా ఉంటే ఆకలి పట్టుకుంటుంది, వేసుకున్న వెంటనే మంచమెక్కమన్నారు. అంత చిన్న మాట! ఫ్రిజ్ దగ్గర నా జాగారాలు సగానికి సగం తగ్గాయి. బుప్రోపియాన్‌కి మార్చమని అడిగాను, చదువుకున్నదాన్ని కదా. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళకి అది పనికిరాదన్నారు. నాకు వచ్చాయి. పక్కింటావిడకి పడిన మందు మనకెందుకు పడదో చెప్పడానికి డాక్టరుండాలి. ఆర్నెల్లు ఆగి, మనసు కుదురుగా ఉందని చూసుకుని, మిర్టజాపిన్‌ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపించారు. ఎసిటలోప్రామ్‌ని కదపలేదు.

మాత్ర ఆగాక బరువు దానంతటదే దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఎక్కినవాడు దిగడు, దించాలి.

తెల్లారుజామున కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలెట్టి పార్క్ హోటల్ వైపు నడుస్తాను. ఆ వేళ బీచ్ రోడ్డు మీద బళ్ళు రానివ్వరు. మొదటి నెల కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా వెళ్ళి ఆయాసంతో గట్టు మీద కూర్చునేదాన్ని. నా పక్కనుంచి రిటైరైన నేవీ ఆయన, డెబ్బై దాటినాయన, రెండు చుట్లు తిరిగేసేవారు. ఇప్పటికీ ఆయన్ని అందుకోలేదు. తిండి సంగతిలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్పే పళ్ళేన్నే నమ్ముకున్నాను. అందులో సగం కూరలూ ఆకుకూరలూ పళ్ళే. మన ఇళ్ళల్లో సగం దాటి అన్నమే కదా. అన్నం గిన్నె చిన్నది చేశాను, పప్పు గిన్నె పెద్దది చేశాను, రాత్రి భోజనం ఏడున్నరకి ముగించాను. రోజూ బరువు మిషనెక్కడం మానేశాను. అంకె పెరిగిన రోజు పొద్దుటే మూడ్ పాడైతే, ఆ మూడ్ కోసమే కదా మాత్ర!

బదులుగా మాస్టారి కొట్లో ఒక టేపు కొనుక్కున్నాను. ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్ళకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది 97 ఉండేది. నెలకోసారి కొలుస్తాను, క్యాలెండర్ మీద రాస్తాను. కొన్ని నెలలు అంకె కదలదు. ఒక్కోసారి వెనక్కీ వెళ్తుంది, సంక్రాంతి నెలలో మరీను.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజక్షన్లు మన దేశానికొచ్చాయి. ఇంజక్షన్ తీసుకోవచ్చుగా అని మా అబ్బాయి అన్నాడు. డాక్టరునడిగాను. నాకు ఇప్పుడే అవసరం లేదన్నారు, ధర చూసి నేనూ పట్టుబట్టలేదు. అవసరమైనవాళ్ళు తీసుకోవడంలో తప్పేమీ లేదు. మందు వల్ల వచ్చినదానికి మందు వాడటం నామోషీ ఎలా అవుతుంది?

రాత్రి మాత్ర ఆగి ఏడాది దాటింది. పొద్దుటిది వేసుకుంటున్నాను, విటమిన్ డబ్బాలోంచి తీసి పళ్ళెం పక్కన పెట్టుకుని మరీ. ఆకలి చచ్చిపోయినవాళ్ళూ, ఆకలి ఆగనివాళ్ళూ, మాత్ర నాలా దాచుకున్నవాళ్ళూ ఈ కాలమ్ చదువుతుంటే ఒక్క మాట. దయచేసి మీరంతట మీరు ఆపకండి. మీ డాక్టరుకి రాత్రి పదిన్నర సంగతి చెప్పండి, వినకపోతే ఇంకొకరికి చెప్పండి. డాక్టరు దాకా వెళ్ళడానికే ధైర్యం చాలకపోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు.

మొన్న మాస్టారికి మూడు జాకెట్లిచ్చాను. కొత్త కొలతలతో కుట్టించుకున్న జాకెట్టే ఆదికి ఇచ్చాను. పాతదాన్ని మా చెల్లెలు తీసుకెళ్ళింది. నా బరువు 64, నడుం 90. పక్కల్లో గుడ్డ ఎంత వదలమంటారని ఆయన అడిగారు. ఎప్పటిలాగే వదలమన్నాను.