గాలి కంప్రెసరుకు తీగలు కలిపే విద్య

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారినా తెలుగు మాట విడువని తిరుత్తణి ప్రాంతంలోనూ, దాని పొరుగునున్న తిరువళ్లూరులోనూ, తిరుపతి రహదారి వెంట పంక్చరు దుకాణాల కంప్రెసర్లకు తీగలు కలిపే ఎలక్ట్రీషియన్ల నేర్పు గొప్పగా మెచ్చుకోదగినది. మూడు ఫేజుల మోటారుకు కరెంటును అందించేది స్టార్టరులోని కాంటాక్టరు, అనగా కాయిలుకు కరెంటు తగలగానే అయస్కాంత బలంతో మూసుకునే స్విచ్చు; ట్యాంకులోని ఒత్తిడిని కనిపెట్టే ప్రెషర్ స్విచ్చును వారు ఆ కాయిలు దారిలోనే, మోటారు అధిక కరెంటు లాగినప్పుడు దారి తెంచే ఓవర్‌లోడ్ రిలేతో వరుసగా కలుపుతారు గనుక, మోటారు కరెంటంతా ఆ చిన్న స్విచ్చు మీద పడదు. అసలైన మెలకువ ఇక్కడే ఉన్నది: మోటారును మొదలుపెట్టే పచ్చ బొత్తాము వదిలినా కాయిలును పట్టి ఉంచే సహాయక కాంటాక్టును పొరపాటున ప్రెషర్ స్విచ్చుకు సమాంతరంగా కలిపితే, ట్యాంకు నిండినా మోటారు ఆగదు, అప్పుడు సేఫ్టీ వాల్వు ఒక్కటే దిక్కు. రిలేను మోటారు పలక మీది ఆంపియర్లకు సరిపెట్టి, మోటారు ఆగగానే పంపు తలలో చిక్కిన గాలిని అన్‌లోడర్ వాల్వు విడిచినదా అని చెవియొగ్గి విన్న తరువాతనే పెట్టె మూత బిగించేవాడే ఈ విద్యలో నిజమైన నిపుణుడు.