సంగటి వెస్టర్న్ ఎప్పుడు తీస్తారు?

కౌబాయ్ సినిమాలకు ముద్దుపేర్లు పెట్టినవాళ్లంతా ఆకలి మీద ఉన్నారేమో! గుర్రాలు తినేది ఓట్స్ కాబట్టి అమెరికాలో ఆ సినిమాలను 'ఓటర్' అన్నారు. 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీశాక అలాంటివి వరసకట్టాయి. వాటిని 'స్పాగెట్టీ వెస్టర్న్' అని వెక్కిరించారు. జపాన్‌లో అవే 'మాకరోనీ'. 1975 నాటి మన 'షోలే'కు 'కర్రీ వెస్టర్న్' అని తగిలించారు.

ఈ లెక్కన మా అనంతపురం నేల టికెట్టువాళ్లు 'ఉలవల సినిమా' అనాలి. మా గుర్రాల దాణా ఉలవలే కదా! వాళ్లు తిండి జోలికి పోలేదు. టోపీ, తుపాకీ కనబడితే చాలు, 'కౌబాయ్ పిచ్చర్' అనేశారు.

ఆ మాటను తెలుగునాట పాతుకునేలా చేసింది 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు'. కృష్ణ హీరో, ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం. ఎడారి కోసం రాజస్థాన్ వెళ్లారు. తర్వాత 1990లో 'కొదమసింహం', 2002లో 'టక్కరి దొంగ' వచ్చాయి. అన్నిట్లో గుర్రాలున్నాయి, కౌబాయ్ అన్న పేరుకు తగ్గట్టు మందను కాసేవాడే లేడు.

ఎడారే కావాలంటే మా జిల్లాలోని కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు రండి. హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికొస్తాయి. జీన్స్ కావాలంటే పక్కనే రాయదుర్గంలో కుడతారు.

కథ కూడా ఇక్కడే ఉంది. కోత అయిపోయిన చేలో రాత్రిపూట గొర్రెల మంద కట్టిస్తారు. తెల్లారేసరికి నేల నిండా ఎరువు. దానికి రైతే కాపరికి ఎదురు డబ్బిస్తాడు. వాన ముఖం చాటేస్తే అదే కాపరి భుజాన కంబళి వేసుకుని, మందను తోలుకుని మేత వెతుక్కుంటూ పొరుగు సీమలకు పోతాడు. అక్కడ గొర్రె పచ్చని చేలో మూతి పెట్టిందా, ఇక తగాదాయే. పశువుల మందలవాళ్లకూ కంచె వేసుకున్న రైతులకూ మధ్య పోరు అమెరికా వెస్టర్న్‌లకు పాత ముడిసరుకు. మాకది ఏటేటా జరిగే సంగతి.

లియోనీ స్పెయిన్‌లోని అల్మెరియా ఎండు నేలను అమెరికాగా చూపించి లోకాన్ని నమ్మించాడు. మన దర్శకులు అంత శ్రమ పడక్కర్లేదు. అనంతపురాన్ని అనంతపురంగానే చూపించి, ఒక్క సినిమా కాపరి వైపు నుంచి తీయండి. దానికి 'సంగటి వెస్టర్న్' అని మేమే పేరు పెట్టుకుంటాం.